ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవాలన్నా?



పోయిన ఆదివారం చీరాల నుంచి ఒక డిగ్రీ తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, ఏప్రిల్ 14కి ఒక పాట చేద్దామనుకుంటున్నా. ఫ్రెండ్ ఎఫ్ఎల్ స్టూడియో క్రాక్ ఇస్తానన్నాడు. దాంతోపాటు డప్పు లూప్స్ ప్యాక్ కూడా ఉందంట. అది సరిపోద్దా, ఇంకేదైనా నేర్చుకోవాలా?" వాడి దగ్గరున్నది అక్క వాడి వదిలేసిన ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్. మైక్ లేదు. మీ పేటలో డప్పు కొట్టేవాళ్లున్నారా అని అడిగాను. "ఉన్నారన్నా, మా పెదనాన్నే కొడతాడు" అన్నాడు.

ఆ చివరి మాట దగ్గరే నా జవాబు తేలిపోయింది. రీపర్ ఎక్కించుకో, లూప్స్ ప్యాక్ వద్దు, ముందు మీ పెదనాన్నని రికార్డ్ చెయ్ అని పంపించాను. "ఎందుకన్నా, అందరూ ఎఫ్ఎల్లే కదా వాడేది" అని తిరిగి అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. మన జయంతి ఊరేగింపుల్లో మోగే డీజే మిక్సుల్లో చాలావరకు ఎఫ్ఎల్లోనే తయారవుతున్నాయి. ఆ పిల్లలు తెలివైనవాళ్లు, వాళ్ల పనిని చిన్నబుచ్చడానికి ఇది రాయడం లేదు. కానీ పాట చేయడం మొదలుపెట్టే మన పిల్లలు పనిముట్టుని ఎలా ఎంచుకోవాలన్నది ఇన్‌బాక్స్‌లో తేల్చేసే సంగతి కాదని ఈ భాగం మొత్తం దానికే ఇస్తున్నాను.

యూట్యూబ్‌లో ఈ విషయం మీద వీడియోలు కుప్పలు. అన్నిట్లో చివరికి ఒకటే మాట, "ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఒకటే, నీకు ఏది అలవాటైతే అది." సగమే నిజం. పాట చేసే సాఫ్ట్‌వేర్ ఏదైనా చేసే పని మూడు ముక్కలు. శబ్దాన్ని రికార్డ్ చేయడం, ముక్కలు కోసి వరసలో పేర్చడం, గొంతు ఎంత ఉండాలి దరువు ఎంత ఉండాలి అని పాళ్లు కలపడం. ఈ మూడూ ఏదో ఒక రకంగా అన్నీ చేస్తాయి. కానీ ఒక్కోదానికి పుట్టుకతో వచ్చిన బుద్ధి ఒకటుంటుంది. తెరవగానే అది నీ ముందు ఏం పెడుతుందో చూడు, దాని బుద్ధి తెలిసిపోద్ది.

ఎఫ్ఎల్ స్టూడియో బెల్జియంలో పుట్టింది, 1997లో. చేసింది ఇమేజ్‌లైన్ అనే కంపెనీ. అప్పట్లో దాని పేరు ఫ్రూటీలూప్స్. లూప్ అనే మాట పేరులోనే ఉంది చూడండి. తెరిస్తే వరసగా 16 గళ్లు కనపడతాయి. ఏ గడి నొక్కితే అక్కడ దెబ్బ పడుతుంది. కిక్కు ఇక్కడ, స్నేర్ అక్కడ, అయిదు నిమిషాల్లో బీట్ తయారు. మొదటిరోజే ఏదో చేశామన్న సంతోషం దానంతగా ఇంకేదీ ఇవ్వదు. ఒకసారి కొంటే ఆ తర్వాత వచ్చే కొత్త వెర్షన్లన్నీ ఉచితంగా ఇస్తారు. అది పెద్ద మంచితనం, ఒప్పుకోవాలి.

రీపర్ 2006లో 1.0 వెర్షన్‌గా వచ్చింది. దాని వెనకున్న మనిషి జస్టిన్ ఫ్రాంకెల్. ఈ పేరు తెలియకపోయినా అతని పని మీలో కాస్త పెద్దవాళ్లందరికీ తెలుసు. నెట్ సెంటర్లలో గంటకి ఇంతని కట్టి కూర్చున్న రోజుల్లో మనం పాటలు విన్న విన్యాంప్ అతను చేసిందే. రీపర్ తెరిస్తే ఏముంటుంది? ఏమీ ఉండదు. బూడిదరంగు ఖాళీ. లూపులు లేవు, వాయిద్యాలు దాదాపు లేవు. కొత్తవాడు చూసి, ఇది పాడైందేమో అనుకుని మూసేస్తాడు. నేనూ మొదట అలాగే మూసేశాను. అది ఖాళీగా ఎందుకుందంటే, శబ్దం నువ్వు తెస్తావని అది ఎదురుచూస్తోంది. నీ దగ్గర శబ్దం లేకపోతే అది నీకు పనికిరాదు. నీ దగ్గర పెదనాన్న ఉంటే అంతకంటే ఇంకేం కావాలి?

ఇప్పుడు ఆ 16 గళ్ల సంగతికి వద్దాం.

డప్పు తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఒక చేతిలో లావు సిర్ర, ఇంకో చేతిలో సన్నపుల్ల. చర్మాన్ని మంట మీద కాచి బిగించాకగానీ మోత రాదు. కాచిన పది నిమిషాలకి ఒక గొంతు, అరగంటకి ఇంకో గొంతు, సముద్రపు గాలి తగిలే మన చీరాల వైపు సాయంత్రానికి మరో గొంతు. పుల్ల అంచున పడితే ఒక మాట, నడిమధ్య సిర్ర పడితే ఇంకో మాట. అన్నిటికంటే ముఖ్యం, డప్పు గడిలో పడదు. కొట్టేవాడు అడుగు వేస్తూ కొడతాడు. అడుగు తిరిగేచోట దరువు వెంట్రుకవాసి లాగుతుంది, పాటగాడు ఊపు అందుకోగానే వెంట్రుకవాసి ముందుకు దూకుతుంది. ఆ వెంట్రుకవాసిలోనే మనిషి ఉన్నాడు. సాఫ్ట్‌వేర్‌లో ఒక బటన్ ఉంటుంది, దరువులన్నిటినీ లాగి గడిలో కూర్చోబెడుతుంది. క్వాంటైజ్ అంటారు. అది నొక్కగానే డప్పు బాగా 'నీట్'గా వినపడుతుంది, మనిషి లేచి వెళ్లిపోతాడు.

ఎఫ్ఎల్లో ఆ గళ్లు దాటి పనిచేయడం కుదరదా అంటే కుదురుతుంది. కానీ కొత్తవాడు పనిముట్టు ఎటు తోస్తే అటే పోతాడు. రీపర్లో మెట్రోనోమ్ ఆపేసి, డప్పుని స్వేచ్ఛగా కొట్టించి, ఆ తర్వాత గీతల్నే డప్పు వెంట జరుపుకోవచ్చు. టెంపో మ్యాప్ అంటారు. పెదనాన్న కంప్యూటర్ చెప్పినట్టు కొట్టక్కర్లేదు, కంప్యూటరే పెదనాన్న వెంట నడుస్తుంది. నేను దాన్ని ఎంచుకోమన్నదానికి సగం కారణం ఇదొక్కటే.

మిగతా సగం ఆ లూప్స్ ప్యాక్.

ఆ ప్యాకులు నేనూ విన్నాను. టెలిగ్రామ్‌లో, డ్రైవ్ లింకుల్లో తిరుగుతుంటాయి. తీన్మార్ లూప్, జాతర లూప్, చావు డప్పు లూప్, ఒక్కోటి నాలుగు సెకన్లు, ఎనిమిది సెకన్లు. కొన్ని నిజంగా గొప్పగా ఉన్నాయి, ఎవడో మహానుభావుడు కొట్టాడు. ఎవడు? ఫైల్ పేరు చూస్తే దరువు పేరు, వేగం అంకె, దాన్ని పంచిన డీజే పేరు. కొట్టినవాడి పేరు లేదు. ఏ ఊరో లేదు. అతనికి అర్ధరూపాయి ముట్టిందో లేదో చెప్పేవాళ్లు లేరు.

ఇది మనకే జరిగింది కాదు. అమెరికాలో 1969లో ద విన్‌స్టన్స్ అనే బృందం 'ఆమెన్, బ్రదర్' అని ఒక పాట రికార్డ్ చేసింది. అందులో గ్రెగరీ కోల్మన్ అనే నల్లజాతి డ్రమ్మర్ ఆరు సెకన్లపాటు ఒంటరిగా కొట్టాడు. ఆ ఆరు సెకన్లని కోసుకుని తర్వాత వేల పాటలు వచ్చాయి. హిప్‌హాప్‌లో ఒక తరం, ఇంగ్లండ్‌లో జంగిల్ అనే సంగీతానికి సంగీతమే ఆ ముక్క మీద నిలబడ్డాయి. కోల్మన్‌కి ఏం ముట్టింది? ఏమీ లేదు. 2006లో ఇల్లూ వాకిలీ లేకుండా చనిపోయాడు. తర్వాత ఎప్పుడో 2015లో అభిమానులు చందాలేసుకుని 24,000 పౌండ్లు పోగుచేసి ఆ బృందం నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కి ఇచ్చారు. కొట్టిన చేతులు అప్పటికే మట్టిలో కలిసిపోయాయి.

మనవాళ్ల డప్పుకి ఇంకో చరిత్ర కూడా ఉంది. అది మన ఇష్టంతో మోగిన డప్పు కాదు. చావుకి కొట్టు, జాతరకి కొట్టు, చాటింపుకి కొట్టు అని వెట్టి చేయించుకున్నారు. ఆ అవమానం భరించలేక డప్పు కింద పెట్టేసిన పెద్దవాళ్లు మన ఇళ్లల్లో ఉన్నారు. అది వాళ్ల ఆత్మగౌరవం. అదే డప్పుని ఉద్యమం మళ్లీ ఎత్తి భుజాన వేసుకుంది. అది మన ఆత్మగౌరవం. రెండిటికీ దండం పెడతాను. కానీ డప్పు మోత కావాలి, కొట్టేవాడు మాత్రం వాకిట్లోకి రాకూడదు అన్నది ఎవరి బుద్ధి? ఊరి దొరది. ఆ ప్యాక్ సరిగ్గా అదే పని చేసిపెడుతోంది, అదీ మన చేతులమీదుగా, ఏప్రిల్ 14కి. లారీ మీద డబ్బాల్లో డప్పు మోగుతుంటే, డప్పు కొట్టే మనిషి రోడ్డు పక్కన నిలబడి చూస్తుంటాడు.

నాకు ఇది పుస్తకాల్లో తెలిసింది కాదు. చాలాకాలం కిందట మేం అయిదుగురం చందాలేసుకుని పాట రికార్డ్ చేయించడానికి ఒక పట్నం వెళ్లాం. ఊళ్లో పెద్దాయన ఒకాయన డప్పు గుడ్డలో చుట్టుకుని తెల్లవారుజాము రైలెక్కి మాతో వచ్చాడు. స్టూడియో అతను లోపలికి పిలిచి రెండు దెబ్బలు కొట్టించి, "ఇది బాగా ఊదుతోందండీ, కీబోర్డులో డప్పు ప్యాడ్ ఉంది, అది వేస్తా" అన్నాడు. కాచడానికి మంట పెట్టనిస్తారా అని పెద్దాయన అడిగితే అక్కడున్నవాళ్లు నవ్వారు. మేం ఏమీ అనలేదు. మాకు తెలియదు, డబ్బులు కట్టేశాం, గంటలు అయిపోతున్నాయి. పెద్దాయన సాయంత్రం దాకా బయట బెంచీ మీద కూర్చున్నాడు. తిరుగు ప్రయాణంలో ఒక్క మాటా మాట్లాడలేదు. పాట బాగానే వచ్చింది, జనం మెచ్చుకున్నారు. తర్వాత గొంతు విడిగా, సంగీతం విడిగా ఉన్న ఫైళ్లు అడిగితే ఇవ్వలేదు. చేతిలో ఒక సీడీ మిగిలింది. మా పాట మీద మాకు మిగిలింది అదే.

సొంత కంప్యూటర్లో సొంతంగా చేసుకుంటే ఏం మారుతుంది? చట్టం దృష్టిలోనే చాలా మారుతుంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగ్‌కి నిర్మాత అంటే చొరవ తీసుకుని, బాధ్యత మోసినవాడు. గంభీరమైన స్టూడియో అక్కర్లేదు. మీ పేటలో, మీ ఇంట్లో, మీరే పూనుకుని రికార్డ్ చేస్తే నిర్మాత మీరే. 2012లో ఆ చట్టాన్ని సవరించినప్పుడు 38బి అని ఒక సెక్షన్ చేర్చారు. పాడినవాడికీ, వాయించినవాడికీ ఆ ప్రదర్శన తనదేనని పేరు వేయాలని కోరే హక్కు ఉందని చెబుతుంది. డప్పు కొట్టిన పెదనాన్నకి ఈ హక్కుంది. ఈ సెక్షన్ నంబరు మన కళాకారుల్లో ఎంతమందికి తెలుసు? లా చదివే తమ్ముళ్లు చెల్లెళ్లు ఇది చదువుతున్నారు కాబట్టి అడుగుతున్నాను.

ఇక క్రాక్ సంగతి. "పేదోడు క్రాక్ వాడితే తప్పేంటి, వాళ్లు కోట్లు సంపాదించారు" అనే వాదన నాకు తెలుసు. చాలాకాలం నేనే అన్నాను. నీతి పక్కన పెట్టి నష్టం లెక్క చూద్దాం. క్రాక్ ఎక్కించేటప్పుడు ముందు యాంటీవైరస్ ఆపమంటుంది. ఆపుతావు. ఆ ల్యాప్‌టాప్‌లోనే అక్క సర్టిఫికెట్లున్నాయి, బ్యాంకు పాస్‌వర్డు ఉంది. నా కథ చిన్నది. విండోస్ మళ్లీ ఎక్కించాల్సొచ్చింది, పాత క్రాక్ దొరకలేదు, కొత్తదాంట్లో నా పాత ప్రాజెక్టులు తెరుచుకోలేదు. రెండేళ్ల పాటలు. ఎవరికి ఫోన్ చేసి అడగాలి? దొంగ సరుక్కి కంప్లైంట్ ఎవరికిస్తాం?

చీరాలవాడికి ఇది మగ్గం భాషలో చెబితే వెంటనే అర్థమవుతుంది. మగ్గం నీ ఇంట్లోనే ఉంటుంది. నూలు మాస్టర్ వీవర్ ఇస్తాడు, డిజైన్ ఆయన చెప్తాడు, చీర ఆయన తీసుకుపోతాడు. నీకు కూలి. ఇంట్లో మగ్గం ఉంది కాబట్టి నేను స్వతంత్రుణ్ని అని ఏ నేతగాడూ అనుకోడు. క్రాక్ సాఫ్ట్‌వేర్‌లో ఊరూపేరూ లేని లూపులు పెట్టి పాట చేసేవాడు మాత్రం అనుకుంటున్నాడు.

సరే, మరి డబ్బుల్లేనివాడికి దారేది? ఎఫ్ఎల్ కంపెనీవాళ్లే ఉచిత ట్రయల్ ఇస్తారు, దానికి రోజుల గడువు కూడా లేదు. పాట పూర్తిచేసి ఆడియోగా బయటికి తీసుకోవచ్చు. మెలిక ఒకటే, కొనేదాకా సేవ్ చేసిన ప్రాజెక్ట్‌ని మళ్లీ తెరవలేవు. కొనదలిస్తే ఎడిషన్లు పోల్చి చూసుకో. చాలా ఏళ్లపాటు అందులో అన్నిటికంటే చవక ఎడిషన్‌తో గొంతుని రికార్డ్ చేసుకునే వీలే లేదు, కొన్నాక తెలుసుకుని తల పట్టుకున్నవాళ్లున్నారు. రీపర్ 60 రోజులు పూర్తిగా ఉచితం. తర్వాత తెరిచినప్పుడల్లా 'కొనండి' అని గుర్తుచేస్తుంది, పని మాత్రం ఆపదు. సొంతానికి వాడుకునేవాళ్లకి, చిన్న సంపాదన ఉన్నవాళ్లకి ధర 60 డాలర్లు. మన లెక్కలో అయిదువేలు దాటుతుంది. తక్కువేమీ కాదు. కానీ అయిదారుగురు కలిసి ఒక బృందంగా ఒక ల్యాప్‌టాప్ మీద పనిచేస్తే మోయలేని బరువు కాదు. జయంతికి డీజే డబ్బాల అద్దెకి మనం ఎంత పెడుతున్నామో ఒకసారి కమిటీ పుస్తకం తీసి చూడండి. పాత ల్యాప్‌టాప్‌ల మీద కూడా అది తేలిగ్గా నడుస్తుంది, 4 జీబీ చాలు. లినక్స్ మీదా నడుస్తుంది.

ఒక్క రూపాయి కూడా లేదంటే ఒడాసిటీ ఉంది. 2000 సంవత్సరం నుంచి ఉచితం, అందరికీ తెరిచిన సాఫ్ట్‌వేర్. గొంతూ డప్పూ రికార్డ్ చేసి పేర్చుకోవడానికి అది సరిపోతుంది, బీట్లు చేయడానికి కాదు. ఎల్ఎంఎంఎస్ అని ఇంకోటి ఉచితమే, అది సరిగ్గా తిరగేసిన కథ. బీట్లకి బాగుంటుంది, గొంతు రికార్డ్ చేయదు. గ్యారేజ్‌బ్యాండ్ ఆపిల్ సామాన్లు ఉన్నవాళ్లకే. మన పేటల్లో లెక్కకి రాదు కాబట్టి వదిలేస్తున్నాను.

ల్యాప్‌టాప్ కూడా లేనివాళ్లే మనలో ఎక్కువ. చెల్లెళ్లకైతే ఇంట్లో ఫోన్ చేతికి రావడమే పెద్ద పోరాటం. ఫోన్లో బ్యాండ్‌ల్యాబ్ ఉచితం, మొదలుపెట్టడానికి మంచిదే. రెండు జాగ్రత్తలు. నీ పని వాళ్ల సర్వర్ మీద ఉంటుంది కాబట్టి పాట అవ్వగానే ట్రాకులు విడివిడిగా దించి పెట్టుకో. కంపెనీలు ఒకనాడు తలుపు మూసేస్తాయి. 2017 నవంబరులో గిబ్సన్ కంపెనీ కేక్‌వాక్ అనే పాత, పేరున్న సాఫ్ట్‌వేర్‌ని ఉన్నట్టుండి ఆపేసింది. డబ్బు పెట్టి కొన్నవాళ్లు బిత్తరపోయారు. మూడు నెలల తర్వాత దాన్ని కొని బతికించింది బ్యాండ్‌ల్యాబ్‌వాళ్లేలెండి. రెండోది, ఫోన్ వాయిస్ రికార్డర్లు మాట కోసం చేసినవి. గట్టి శబ్దం రాగానే తమంతట తామే తగ్గించేస్తాయి. డప్పు దెబ్బ పడగానే గొంతు నలిగిపోతుంది. వేవ్ ఫైల్‌గా రికార్డ్ చేసే, ఆ ఆటోమేటిక్ తగ్గింపుని ఆపగలిగే యాప్ వెతుక్కో. డప్పుకి ఆరేడు అడుగుల దూరంలో ఫోన్ పెట్టు. రేకుల షెడ్డులో వద్దు, ఆరుబయట మేలు.

"అన్నా, మరి ర్యాప్ చేసేవాడి సంగతేంటి?" వాడు ఎఫ్ఎల్లోనే చేసుకోనీ. యంత్రం మోత మనది కాదని నేననను. రోలాండ్ 808 అనే డ్రమ్ మెషీన్ 1980లో వచ్చింది, సరిగ్గా అమ్ముడుపోక 1983లో ఆగిపోయింది. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికితే నల్లజాతి పిల్లలు దాన్ని తీసుకుని ప్రపంచపు చెవినే మార్చేశారు. యంత్రం ఎవరిదన్నది కాదు నా పేచీ. మద్రాసులో మొదలైన క్యాస్ట్‌లెస్ కలెక్టివ్‌ని చూడండి, గిటార్ ఉంది, ర్యాప్ ఉంది, పక్కనే పరై కొట్టే మనిషి వేదిక మీద నిలబడి ఉన్నాడు. బీట్ ఎఫ్ఎల్లో చెయ్, డప్పు మాత్రం పెదనాన్నది పెట్టు. మనలో ఆ రెండూ కలిపి చేసేవాడు వస్తే వాడి పాట మొదట పంచేది నేనే.

చీరాల పిల్లాడికే ఇంత పొడవున ఎందుకు రాస్తున్నానో చెప్పాలి. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురిని చంపినప్పుడు మిగిలినవాళ్లు ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చింది చీరాలకే. చర్చి ఆవరణే శిబిరమైంది. దళిత మహాసభ ఆ నేలలోంచి లేచింది. గద్దర్ కారంచేడు మీద పాట కట్టి పాడితే అది రాష్ట్రమంతా తిరిగింది. అది మనకి మిగిలింది, గద్దర్ పాడాడు కాబట్టి, టేపు ఉంది కాబట్టి. ఆ శిబిరంలో చిన్నపిల్లల్ని ఒళ్లో వేసుకుని కూర్చున్న తల్లులు ఆ రాత్రుళ్లు ఏం పాడుకున్నారు? చనిపోయినవాళ్లని తలుచుకుంటూ ఏ మాటలు కలిపి ఏడ్చారు? అప్పుడు పాతికేళ్లున్న తల్లికి ఇప్పుడు అరవై అయిదు దాటాయి. విజయనగర్ కాలనీకి నువ్వు సైకిల్ మీద వెళ్లొచ్చు తమ్ముడూ. నీ ల్యాప్‌టాప్‌లో ఏ సాఫ్ట్‌వేర్ ఉండాలో నిర్ణయించాల్సింది ఆ గొంతులు. ఏ లూప్స్ ప్యాక్‌లోనూ అవి లేవు, ఉండవు.

కాబట్టి ఈ ఆదివారం చేయాల్సిన పని. పెదనాన్నకి ముందే చెప్పు, మంటకి కాసిన్ని చితుకులు నువ్వే తీసుకెళ్లు. ల్యాప్‌టాప్‌కి మైక్ లేదు కాబట్టి ఫోన్‌తోనే రికార్డ్ చెయ్, తర్వాత ఆ ఫైల్ని రీపర్లోకి లాగు. కొట్టించే ముందు రెండు దెబ్బలు గట్టిగా కొట్టించి చూడు, మీటర్ ఎర్రగా కాకూడదు, పైన సగం ఖాళీ ఉండాలి. ఒక దరువు ఆగకుండా మూడు నిమిషాలు కొట్టించు. తర్వాత దాని పేరేంటో, ఎవరి దగ్గర నేర్చుకున్నాడో ఆయన నోటితోనే చెప్పించి అదే ఫైల్లో రికార్డ్ చెయ్. ఆయనకి వినిపించు. నచ్చలేదంటే మళ్లీ కొట్టించు, ఆయన సరేననేదాకా.

రీపర్లో కొత్త ట్రాక్ పెడితే పేరు గడి ఖాళీగా ఉంటుంది. దాని మీద రెండుసార్లు నొక్కి 'డప్పు' అని రాయకు, పెదనాన్న పేరు రాయి. పాట యూట్యూబ్‌లో ఎక్కించేటప్పుడు కూడా నీ పేరు పక్కన అదే పేరు. ఫైళ్లు రెండుచోట్ల దాచు, ఒకటి అక్క దగ్గర.

వచ్చే భాగంలో రెండువేల లోపు మైకుల సంగతి.